ముక్కు కారుతున్నప్పుడు మందుల షాపులో ఏవి కొనాలి, ఏవి కొనకూడదు

జలుబు చేసిందని చెప్పగానే మందుల షాపులో బల్ల మీదికి వచ్చే సరుకులు దాదాపు ఎక్కడైనా ఒకటే: ఒక జలుబు బిళ్ళల పట్టీ, ముక్కులో వేసుకునే చుక్కల సీసా, ఒక బామ్ డబ్బా, వేడినీళ్ళలో వేసుకునే ఆవిరి క్యాప్సూళ్ళు, షాపతను ఇంకాస్త చొరవ ఉన్నవాడైతే మూడు రోజులకు సరిపడే యాంటీబయాటిక్. ఇంట్లో పసిపిల్లలూ పెద్దవాళ్ళూ ఉండడం వల్ల ఏడాది పొడుగునా వీటిలో ఏదో ఒకటి కొంటూనే ఉంటాను కనుక, ఒక్కొక్కదానిలో ఏముందో, అది ఎవరికి పనికొస్తుందో, ఎవరికి చేటు చేస్తుందో వివరంగా రాయాలనిపించింది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ అర మొత్తంలో అందరూ చిన్నచూపు చూసే ఉప్పునీటి సీసాయే అన్నిటికన్నా కొనదగినది. షాపువాళ్ళు అన్నిటికన్నా ముందు తీసి ఇచ్చే కలగలుపు బిళ్ళలు పెట్టిన డబ్బుకు అన్నిటికన్నా తక్కువ ఫలితం ఇచ్చేవి. ముక్కు దిబ్బడను నిమిషాల్లో విడగొట్టే చుక్కల మందు, దాన్ని ఎన్ని రోజులు వాడాలో తెలియనివారి చేతిలో కొత్త రోగాన్ని తెచ్చిపెట్టేది.

ముక్కు కారడానికి కారణం ఏమిటో పోల్చుకోకుండా ఏ సరుకు మంచిదో చెప్పడం కుదరదు. ఆరోగ్యంగా ఉన్న ముక్కులోనూ, దాని చుట్టూ ముఖం ఎముకల్లో ఉండే సైనస్‌లు అనే గాలి గదుల్లోనూ రోజూ పెద్ద మోతాదులో జిగురు ఊరుతూనే ఉంటుంది. దాన్ని మనం తెలియకుండానే మింగేస్తుంటాం. ఊట పెరిగినప్పుడో, లోపలి పొర వాచి దారి మూసుకుపోయినప్పుడో అది ముందుకు కారుతుంది. జలుబులో ఆ పని చేసేది వైరస్. రైనోవైరస్ అనే తెగలోనే నూటయాభైకి పైగా రకాలున్నాయి కాబట్టి ఒకసారి వచ్చి తగ్గినవారికి మళ్ళీ రాకుండా ఉండదు. పెద్దవాళ్ళకు ఏడాదికి రెండు మూడు సార్లు, బడికి వెళ్ళే పిల్లలకు అంతకు రెట్టింపు సార్లు జలుబు చేయడం మామూలే. మొదట గొంతులో గరగర, తర్వాత నీళ్ళలా కారే ముక్కు, రెండు మూడు రోజులకు చిక్కబడి పసుపు, పచ్చ రంగులకు తిరిగే చీమిడి, వారం పది రోజుల్లో తగ్గుముఖం, ఇదీ దాని నడక.

ఆ పచ్చ రంగు దగ్గర కాస్త ఆగాలి. మన ఇళ్ళలో చీమిడి పచ్చబడగానే లోపల చీము పట్టిందని, ఇక యాంటీబయాటిక్ తప్పదని గట్టి నమ్మకం. నిజానికి వైరస్‌తో పోరాడడానికి వచ్చిన తెల్లరక్తకణాల్లో సహజంగానే ఆకుపచ్చ రంగున్న ఒక ఎంజైము ఉంటుంది. ఆ కణాలు ఎక్కువైతే చీమిడికి ఆ రంగు వస్తుంది. కనుక రంగును బట్టి అది వైరసో బాక్టీరియానో తేల్చలేము. తేల్చగలిగేవి రోజుల లెక్క, జ్వరం తీరు. ఆ సంగతి యాంటీబయాటిక్ దగ్గర మళ్ళీ చెబుతాను.

రెండో కారణం అలర్జీ. ఇందులో జ్వరం ఉండదు, ఒళ్ళు నొప్పులుండవు. వరసపెట్టి తుమ్ములు, నీళ్ళలా పలచగా కారే ముక్కు, ముక్కుతో పాటు కళ్ళూ అంగిలీ దురద పెట్టడం దీని గుర్తులు. తెల్లవారి పక్క మీంచి లేవగానే మొదలై పది గంటలకు సర్దుకుంటుంటే పరుపులో, దిండులో ఉండే ధూళి పురుగుల మీద అనుమానపడాలి. పొలాల గట్ల మీదా, ఊరి బయట ఖాళీ స్థలాల్లోనూ విరగబూసే వయ్యారిభామ పుప్పొడి పడనివారికి ఆ మొక్క పూసినంత కాలం బాధ తప్పదు. పది రోజుల్లో తగ్గవలసిన జలుబు నెలల తరబడి తగ్గలేదని చెప్పేవారిలో చాలామందిది అసలు జలుబే కాదు.

మూడోది చాలామంది రోగంగా కూడా గుర్తించనిది. కొత్త ఆవకాయ కలుపుకొని నాలుగు ముద్దలు తినేసరికి ముక్కు కారుతుంది. గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెట్టిన కొత్తవారికి తుమ్ములు ఆగవు. అగరుబత్తి పొగ, ఘాటైన సెంటు, ఎండలోంచి ఏసీ గదిలోకి రావడం కొందరికి చాలు. ఇక్కడ వైరస్ లేదు, అలర్జీ లేదు, ముక్కులోని నరాలు అతిగా స్పందించడమే ఉంది. అందుకే దీనికి అలర్జీ బిళ్ళలు పెద్దగా పనిచేయవు. కారంతో వచ్చేదానికి చేతిరుమాలు చాలు. రోజువారీ పనికి అడ్డం వచ్చేంతగా ఉంటే ఇప్రట్రోపియం అనే స్ప్రే ఉంది కాని, అది డాక్టరు రాసి ఇవ్వవలసింది.

ఇక సరుకుల సంగతికి వస్తే, మొదటి స్థానం ఉప్పునీటి చుక్కలకు, స్ప్రేలకు ఇస్తాను. షాపులో దొరికే చిన్న సీసాల్లో సాధారణంగా ఉండేది 0.65 శాతం సోడియం క్లోరైడు ద్రావణం. అంటే శుభ్రమైన నీళ్ళు, కొలత ప్రకారం కలిపిన ఉప్పు, అంతే. ఇందులో మందేమీ లేదని షాపువాళ్ళే కొనేవారిని నిరుత్సాహపరుస్తారు. కాని గడ్డకట్టిన చీమిడిని కరిగించి కదిలించడం, ముక్కులో చేరిన ధూళిని, పుప్పొడిని కడిగివేయడం, మరో మందు వేసే ముందు దారి శుభ్రం చేయడం అనే మూడు పనులనూ ఏ హానీ లేకుండా చేసేది ఆ అరలో ఇదొక్కటే. నెలల పసికందు నుంచి గర్భిణుల దాకా, రక్తపోటు ఉన్నవారి దాకా ఎవరైనా వాడవచ్చు. రోజుకు ఇన్నిసార్లే అన్న భయం లేదు. ముక్కు మూసుకుపోయి పాలు తాగలేక ఏడ్చే పసిబిడ్డకు పాలు పట్టే ముందు ఒక్కో రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు వేసి, ఒక నిమిషం ఆగి మెల్లగా తుడిస్తే వచ్చే ఉపశమనం ఏ సిరప్పుతోనూ రాదు. లోపమల్లా ఫలితం ఎక్కువసేపు నిలవకపోవడం. సీసా మూతి బిడ్డ ముక్కుకు తగిలితే ఆ సీసాను మరొకరికి వాడకూడదు.

పెద్దవాళ్ళకు చుక్కల కన్నా ఎక్కువ నీటితో కడుక్కోవడం మేలు చేస్తుంది. యోగాభ్యాసం చేసేవారు జలనేతి అని చెప్పే పద్ధతే ఇది. దానికి ముక్కు ఉన్న చిన్న చెంబు, లేదా నొక్కితే నీళ్ళు చిమ్మే ప్లాస్టిక్ సీసా, పొట్లాలుగా కట్టిన ఉప్పు ఇప్పుడు ఆన్‌లైన్‌లో తేలికగా దొరుకుతున్నాయి. నొక్కే సీసా నేర్చుకోవడం సులభం. చెంబుకు తల వంచే కోణం కుదరాలి. పొట్లాలకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు, లీటరు నీటికి తొమ్మిది గ్రాముల చొప్పున అయొడిన్ కలపని ఉప్పు సరిపోతుంది. ఉప్పు తగ్గినా పెరిగినా ముక్కు మండుతుంది. అయితే నీటి విషయంలో మాత్రం రాజీ పడకూడదు. కుళాయి నీళ్ళు, ఇంటి ఫిల్టరు నీళ్ళు, ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళు తాగడానికి పనికొచ్చినా ముక్కులోకి పంపడానికి పనికిరావు. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా మెదడుకు పాకి చనిపోయారు. కేరళలో ఈమధ్య పత్రికలు మెదడును తినే అమీబా అని రాసిన కేసులు కూడా ఈ జబ్బు కోవలోవే. అది చాలా అరుదు, కాని సోకితే బతకడం కష్టం. నివారణ మాత్రం నీళ్ళను తెర్లేదాకా కాచి, కనీసం ఒక నిమిషం మరగనిచ్చి, గోరువెచ్చగా చల్లార్చడమే. సీసాను ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి. ఈ జాగ్రత్త తీసుకునే ఓపిక లేనివారు చుక్కల సీసాతోనే సరిపెట్టుకోవడం మంచిది.

రెండోది, అందరికీ ఇష్టమైనది, దిబ్బడ విడగొట్టే చుక్కలు. ఓట్రివిన్ పేరుతో దొరికే జైలోమెటజోలిన్, నాజివియాన్ పేరుతో దొరికే ఆక్సిమెటజోలిన్ ఈ జాతివి. వాచిన పొరలోని రక్తనాళాలను ఇవి కుదిస్తాయి; నిమిషాల్లో గాలి ఆడుతుంది, ఆ సుఖం గంటల తరబడి ఉంటుంది. పనితనానికి మార్కులు వేయవలసి వస్తే నిండుగా వేయాలి. రాత్రి ముక్కు రెండు వైపులా మూసుకుపోయి నోటితో ఊపిరి తీసుకుంటూ కూర్చున్నవారికి, జలుబుతో విమానం ఎక్కక తప్పనివారికి ఇంతకన్నా మంచి మందు ఆ అరలో లేదు. కాని ఇవి ప్రధానంగా దిబ్బడకు మందులు, నీళ్ళు కారడానికి కావు. తుమ్ములకు, దురదకు అసలే కావు. షాపులో ఈ తేడా ఎవరూ చెప్పరు.

దీని అసలు చిక్కు వాడకం అయిదు రోజులు దాటాక మొదలవుతుంది. మందు ప్రభావం తగ్గిన ప్రతిసారీ రక్తనాళాలు మునుపటి కన్నా ఎక్కువగా ఉబ్బుతాయి; దాంతో దిబ్బడ మళ్ళీ వస్తుంది; మళ్ళీ చుక్కలు వేస్తారు. జలుబు ఎప్పుడో పోయినా ముక్కు మాత్రం ఆ సీసాకు అలవాటు పడిపోతుంది. దిండు కింద సీసా లేనిదే నిద్రపట్టని మనుషులు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు, వాళ్ళలో ఏ ఒక్కరూ దాన్ని మందువల్ల వచ్చిన జబ్బుగా మొదట అనుకోలేదు. దాన్నుంచి బయటపడడానికి చెవి ముక్కు గొంతు డాక్టరు సాధారణంగా చుక్కలు మాన్పించి స్టెరాయిడ్ స్ప్రే వాడిస్తారు. ఆ మధ్యకాలం కాస్త బాధగానే గడుస్తుంది. కనుక నా సలహా మూడు రోజులు, మహా అయితే అయిదు. కొన్న తేదీని సీసా మీద కలంతో రాసి పెట్టుకోవడం మంచి పద్ధతి. రక్తపోటు అదుపులో లేనివారు, గుండె జబ్బు ఉన్నవారు, కంటి ఒత్తిడి జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. పెద్దల సీసాలో ఉన్న జైలోమెటజోలిన్ 0.1 శాతం, పిల్లల సీసాలో 0.05 శాతం; అట్ట ఒకేలా కనిపించినా సగానికి సగం తేడా ఉంది. పసిపిల్లలకు పెద్దల సీసా వేస్తే మత్తులోకి జారిపోవడం, గుండె వేగం పడిపోవడం వంటి ప్రమాదాలున్నాయి, అందుచేత పసివాళ్ళ విషయంలో డాక్టరు చెబితే తప్ప ఈ రెండిట్లో ఏదీ తాకకూడదు.

అలర్జీ బిళ్ళల్లో సెట్రిజిన్‌కు మంచి స్థానమే ఇస్తాను, అయితే అలర్జీకి మాత్రమే. పది మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి రాత్రి వేసుకుంటే మర్నాటి దాకా తుమ్ములు, దురద, నీరు కారడం బాగా తగ్గుతాయి. ధర కూడా చాలా తక్కువ, జన ఔషధి కేంద్రంలో ఇంకా తక్కువ. మామూలు జలుబుకు దీన్ని వేసుకొని తగ్గలేదని తిట్టుకోవడంలో అర్థం లేదు, ఎందుకంటే అలర్జీలో ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్ అనే రసాయనాన్నే ఇది అడ్డుకుంటుంది, జలుబులో ముక్కు కారడానికి అది ప్రధాన కారణం కాదు. కొందరికి ఇది బాగానే నిద్ర తెప్పిస్తుంది. లారీ, ఆటో నడిపేవారు, యంత్రాల దగ్గర పనిచేసేవారు ఫెక్సోఫెనడిన్ వైపు వెళ్ళడం మేలు, దాన్ని పళ్ళరసంతో కాకుండా మంచినీళ్ళతోనే వేసుకోవాలి. ఇక్కడే ఒక ఫిర్యాదు కూడా నమోదు చేస్తున్నాను. అలర్జీ అనగానే లెవోసెట్రిజిన్, మాంటెలుకాస్ట్ కలిపిన బిళ్ళను డాక్టరు చీటీ లేకుండానే తీసి ఇవ్వడం మన దగ్గర మామూలైపోయింది. మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో నిద్రలో పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కూడా కలగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 మార్చిలో తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను ఆ మందుకు తగిలించింది. తేలికపాటి ముక్కు అలర్జీకి వేరే మందులు పనిచేయనప్పుడు మాత్రమే వాడమంది. డాక్టరు రాస్తే వేరు, షాపతను చేతిలో పెడితే తీసుకోనవసరం లేదు.

కలగలుపు జలుబు బిళ్ళల గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. పేరు ఏదైనా రేకు వెనక చదివితే దాదాపు ఒకటే కూర్పు: పారాసెటమాల్, క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిలెఫ్రిన్, ఒక్కోసారి కెఫీన్. ఇందులో ఒళ్ళు నొప్పులు, జ్వరం తగ్గించేది పారాసెటమాల్. అది విడిగా ఇంకా చవకగా దొరుకుతుంది. కారే ముక్కును కొంత ఆరబెట్టేది, దానితోపాటు మత్తుగా పడుకోబెట్టేది క్లోర్‌ఫెనిరమిన్. పెద్దవయసువారిలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగినవారికి మూత్రం బిగపట్టే ప్రమాదం కూడా దానితోనే ఉంది. దిబ్బడ విడుస్తుందని చెప్పి కలిపిన ఫెనిలెఫ్రిన్, నోటి ద్వారా తీసుకుంటే ఆ పని చేయదని అమెరికా సంస్థకు సలహా ఇచ్చే నిపుణుల సంఘం 2023 సెప్టెంబరులో ఏకగ్రీవంగా తేల్చింది. దాన్ని జలుబు మందుల జాబితా నుంచి తీసేయాలని ఆ సంస్థ 2024 నవంబరులో ప్రతిపాదించింది. అంటే నాలుగింటిలో ఒకటి దండగ, ఒకటి నిద్రమత్తు, ఒకటి విడిగా కొనుక్కోగలది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఏమిటంటే, ఈ బిళ్ళ వేసుకున్నవారే జ్వరానికని మరో పారాసెటమాల్ బిళ్ళ కూడా వేసుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి ఇరవై నాలుగు గంటల్లో నాలుగు గ్రాములే గరిష్ఠ హద్దు. మద్యం అలవాటున్నవారికి, కాలేయం జబ్బున్నవారికి అంతకన్నా తక్కువ. రెండు రేకుల్లోనూ అదే మందు ఉందని తెలియక హద్దు దాటేవారు తక్కువేమీ కాదు. నా ఇంట్లో ఇవి కొనడం మానేశాను.

పిల్లల సిరప్పులపై నా అభిప్రాయం ఇంకా కఠినం. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడరాదని సీసా మీద ముద్రించాలని మన దేశ ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో ఆదేశించారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపూరితమైన డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గు సిరప్పు తాగి పిల్లలు చనిపోయిన తర్వాత, రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదని, అయిదేళ్ళ లోపు వారికి సాధారణంగా సిఫారసు చేయదగినవి కావని కేంద్ర ఆరోగ్య సేవల విభాగం సూచించింది. సిరప్పు కల్తీ లేనిదైనా ఆ వయసు పిల్లలకు దానివల్ల మేలు జరిగిన దాఖలా బలహీనం. ఉప్పునీటి చుక్కలు, ఎక్కువసార్లు పాలు లేదా నీళ్ళు, తల వైపు కాస్త ఎత్తు (కాని ఏడాది లోపు పిల్లలకు తలకింద దిండు కాదు, ఎత్తుకొని ఉండడమే) చాలు. ముక్కు పీల్చే రబ్బరు బుడగ పనిచేస్తుంది కాని రోజుకు నాలుగైదు సార్లకు మించి వాడితే లోపలి పొర పుండవుతుంది.

ఇక బామ్‌లు. ఇవి మందుల కన్నా మన ఇంటి వాసనలకు దగ్గరైనవి కాబట్టి విమర్శించడానికి చేయి రాదు. అమృతాంజనం 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు గారు మొదలుపెట్టినది. ఆంధ్రపత్రిక నడిచింది ఆ డబ్బుతోనే. హైదరాబాద్‌లో 1920లో పుట్టిన జిందా తిలిస్మాత్ ఇప్పటికీ తెలంగాణ ఇళ్ళలో అలమారలో ఉండే సీసా. వీటిలోనూ, విక్స్‌లోనూ ఘాటునిచ్చేవి కర్పూరం, పుదీనా పువ్వు (మెంథాల్), నీలగిరి తైలం వంటివే. పుదీనా పువ్వు ముక్కులోని చల్లదనాన్ని గుర్తించే నరాలను తట్టి గాలి ధారాళంగా ఆడుతోందనే భావన కలిగిస్తుంది. దారి నిజంగా తెరుచుకోదు. ఆ భావన వల్ల నిద్రపట్టితే అది లాభమే, పెద్దవాళ్ళు ఛాతీకి, నుదుటికి రాసుకోవచ్చు. ముక్కు రంధ్రాల్లో రాయకూడదు. రెండేళ్ళ లోపు పిల్లలకు ఏ రూపంలోనూ వద్దు; కర్పూరం గాని, నీలగిరి తైలం గాని కొంచెం లోపలికి వెళ్ళినా పసిపిల్లలకు ఫిట్స్ రావచ్చు. చంటిబిడ్డ మెడలో కర్పూరం మూట కట్టడం కూడా ఇందులోకే వస్తుంది.

ఆవిరి యంత్రం కొనడం అనవసరమైన ఖర్చు. ఆవిరి పట్టడం వల్ల జలుబు త్వరగా తగ్గుతుందని పరిశోధనల్లో నిలకడగా రుజువు కాలేదు. పట్టినంతసేపు హాయిగా ఉండడం నిజం. గిన్నెలో మరిగిన నీళ్ళు పెట్టుకొని దుప్పటి కప్పుకునే మన పద్ధతిలో పిల్లలు కాళ్ళ మీద, పొట్ట మీద నీళ్ళు ఒలకబోసుకొని కాలిన గాయాలతో ఆసుపత్రికి చేరడం అసలు సమస్య. పిల్లలకు ఆవిరి వద్దు.

చాలామంది పేరు వినగానే భయపడే స్టెరాయిడ్ ముక్కు స్ప్రేలను నేను గట్టిగా సమర్థిస్తాను. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ ఈ రకం. ఏడాదిలో నెలల తరబడి అలర్జీతో బాధపడేవారికి బిళ్ళల కన్నా ఇవే ఎక్కువ పని చేస్తాయి, దిబ్బడను కూడా తగ్గిస్తాయి. శరీరంలోకి చేరే మోతాదు చాలా తక్కువ. అయితే ఒక్క రోజులో ఫలితం కోరేవారికి ఇవి నచ్చవు; పూర్తి గుణం కనిపించడానికి రెండు వారాల దాకా పట్టవచ్చు, బాగున్న రోజున కూడా మానకుండా కొట్టుకోవాలి. కుడి రంధ్రానికి ఎడమచేతితో, ఎడమ రంధ్రానికి కుడిచేతితో, మొన కంటి బయటి మూల వైపు ఉండేలా పట్టుకోవాలి. మధ్య గోడ మీద కొడితే ముక్కులోంచి రక్తం వస్తుంది. పనిచేయలేదని చెప్పేవారిలో చాలామందికి ఈ చిన్న మెలకువ ఎవరూ చూపించి ఉండరు. మొదటిసారి డాక్టరు చూసి రాసిన తర్వాతే కొనాలి.

మా వీధి చివర షాపులో ఒకసారి నాలుగు రోజుల జలుబుకు అడగకుండానే అజిత్రోమైసిన్ ఇవ్వబోయారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందది. జలుబు వైరస్ మీద అది పనిచేయదు. అవసరం లేనప్పుడు వాడిన ప్రతి కోర్సు, అవసరం వచ్చిన రోజున మందుకు లొంగని బాక్టీరియాను తయారుచేస్తుంది. సైనస్‌లో నిజంగా బాక్టీరియా చేరిందని డాక్టర్లు అనుమానించేది మూడు సందర్భాల్లో: పది రోజులు దాటినా కొంచెమైనా తగ్గనప్పుడు, మొదటి నుంచే 39 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన జ్వరం, చీము, ముఖంలో నొప్పి మూడు నాలుగు రోజులు వరసగా ఉన్నప్పుడు, అయిదారు రోజులకు తగ్గుముఖం పట్టి మళ్ళీ జ్వరంతో ఎదురుతిరిగినప్పుడు. ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటే పీహెచ్‌సీకో, హైదరాబాద్‌లోనైతే బస్తీ దవాఖానాకో వెళ్ళాలి; అక్కడి డాక్టరు అవసరమనుకుంటే చెవి ముక్కు గొంతు నిపుణుడి దగ్గరికి పంపుతారు.

అంతదాకా ఆగకూడని గుర్తులు కొన్ని ఉన్నాయి. ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, ఒళ్ళంతా విరిచినట్టు నొప్పులతో వచ్చింది ఫ్లూ కావచ్చు. గర్భిణులు, అరవై అయిదు దాటినవారు, చక్కెర జబ్బు, ఆస్తమా ఉన్నవారు మొదటి రెండు రోజుల్లోనే డాక్టరు దగ్గరికి వెళితే ఫ్లూ మందుకు ఎక్కువ గుణం ఉంటుంది. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల జ్వరం ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పిల్లవాడు డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మూలుగుతున్నా అంతే. ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒక నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టండి: రెండు నెలల లోపు 60, రెండు నుంచి పన్నెండు నెలల లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40, లేదా అంతకు మించితే న్యుమోనియా అని అనుమానించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులివి.

ఒకే రంధ్రం నుంచి కారుతుంటే దాన్ని జలుబుగా తీసిపారేయకండి. చిన్నపిల్లల్లో ఒక వైపు నుంచే దుర్వాసనతో చీము కారుతోందంటే చింతగింజో, బఠాణీయో, పూసో లోపల ఇరుక్కొని ఉండే అవకాశం ఎక్కువ. ఇంట్లో పిన్నుతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. అది బొమ్మలోని గుండీ బ్యాటరీ అయితే కొన్ని గంటల్లోనే ముక్కు మధ్య గోడను కాల్చేస్తుంది కనుక అర్ధరాత్రైనా బయలుదేరాలి. పెద్దవాళ్ళలో ఒక వైపు దిబ్బడ, రక్తపు చారలు వారాల తరబడి ఉంటే గడ్డలు లేవని తేల్చుకోవాలి. ఏళ్ళ తరబడి చెక్కపొడి పీల్చిన వడ్రంగులు మరింత త్వరగా చూపించుకోవాలి. చెరువుల్లో స్నానం చేసే అలవాటున్నవారికి ముక్కులో ఎర్రగా, ముట్టుకుంటే రక్తం కారే కండ పెరిగితే అది దక్షిణ భారతంలో కనిపించే రైనోస్పోరిడియోసిస్ కావచ్చు. దానికి ఆపరేషనే వైద్యం. బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన తర్వాత ఒక రంధ్రం నుంచి మంచినీళ్ళలా కారుతూ, ముందుకు వంగితే ఎక్కువవుతూ, గొంతులో ఉప్పగా తగులుతుంటే మెదడు చుట్టూ ఉండే ద్రవం కారుతోందేమోనని అనుమానించాలి. మెదడు పొరల వాపు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ముక్కు చీదకుండా, ఏ చుక్కలూ వేయకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

చక్కెర అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి చివరగా ఒక ప్రత్యేకమైన మాట. 2021లో కొవిడ్ రెండో దఫా తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని దాని చికిత్సకు ప్రధాన కేంద్రంగా ఏర్పాటు చేశారు. ఆ జబ్బు మొదటి గుర్తులు చాలాసార్లు ముక్కులోనే ఉంటాయి: నల్లగా లేదా రక్తంతో కలిసి కారడం, ఒక వైపు చెంప మొద్దుబారడం, కంటి చుట్టూ వాపు, చూపు రెండుగా కనిపించడం, పై పళ్ళు కదలడం. కొవిడ్ అల తగ్గినా ఆ ఫంగస్ పోలేదు. ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా ఆ పూటే ఈఎన్‌టీ విభాగం ఉన్న ఆసుపత్రికి చేరుకోవాలి, వెళ్ళేటప్పుడు అప్పటిదాకా వాడిన బిళ్ళల రేకులు, చుక్కల సీసాలు అన్నీ ఒక సంచిలో వేసుకొని తీసుకెళ్ళాలి.